సీఓటూ సిలిండర్‌తో 304 స్టీలు వెల్డింగ్: పసుపు డ్రమ్ములకు పనికొస్తుందా?

మడికొండ షెడ్ (హనుమకొండ)
అందరికీ నమస్కారం. మా దగ్గర గేట్లు, గ్రిల్స్, ట్రాలీ రిపేర్లు ఎక్కువ. ఇప్పుడు మెట్‌పల్లి వైపు రైతుల నుంచి పసుపు ఉడికించే డ్రమ్ముల ఆర్డర్ వచ్చింది. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు, 2 ఎంఎం షీట్. ఆవిరి పుట్టించే బాయిలర్ మాది కాదు. కొమ్ములు పోసే డ్రమ్ములు, మూతలు, కాళ్లు మాత్రమే మేం చేయాలి. స్టీలు పని ఎప్పుడూ ఆర్గాన్‌తోనే చేస్తాం. ఈసారి రీఫిల్ ఎప్పుడొస్తుందో డీలర్ చెప్పలేకపోతున్నాడు. పసుపు తవ్వకం మొదలైంది, పార్టీ రోజూ ఫోన్ చేస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది.

నా దగ్గర మిగ్ మెషిన్ (వైరు దానంతట అదే బయటికి వచ్చే వెల్డింగ్ మెషిన్), ఇనుముకు వాడే సీఓటూ సిలిండర్, 304కు సరిపడే 0.8 ఎంఎం 308ఎల్ వైరు ఉన్నాయి. తుక్కు ముక్క మీద వేసి చూశాను. అతుకు గట్టిగానే పట్టింది, సుత్తితో కొట్టినా విడిపోలేదు. కానీ బీడ్ (అతుకు గీత) నల్లగా, గరుకుగా వచ్చింది, చుట్టూ కరిగిన లోహపు గింజలు అంటుకున్నాయి. పక్క షెడ్‌లో 80-20 మిక్స్ (80 శాతం ఆర్గాన్, 20 శాతం సీఓటూ) సిలిండర్ ఉంది, అడిగితే ఇస్తారు. గ్రైండింగ్ చేసి బఫ్ కొట్టి ఇచ్చేయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట ఆర్క్
తమ్మీ, అతుకు పట్టడం వేరు, స్టీలు స్టీలుగా మిగలడం వేరు. ఆర్గాన్ దేనితోనూ కలవదు, గాలిని దూరం పెట్టి ఊరుకుంటుంది. సీఓటూ అలా ఊరుకోదు. ఆర్క్ వేడికి కార్బన్ మోనాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఆ ఆక్సిజన్ వైరులోని క్రోమియాన్ని, సిలికాన్‌ను, మాంగనీసును కాల్చేస్తుంది. నువ్వు చూసిన నలుపు అదే. ఇంకోపక్క కార్బన్ కొంత కరిగిన లోహంలోకి దిగుతుంది. 308ఎల్‌లో ఆ ‘ఎల్’ ఉన్నదే కార్బన్ 0.03 శాతం దాటకూడదని. ఉత్త సీఓటూ పెట్టి కొడితే ఆ ‘ఎల్’కు పెట్టిన డబ్బు వృథా.

డ్రమ్ము లోపలి జాయింట్లకు మాత్రం వద్దు. మిగతాది మాట్లాడుకుందాం.

హంటర్ రోడ్ గేట్లు
మేం 80-20తో ఎన్నో రెయిలింగ్‌లు చేశాం అన్నా. 308ఎల్ వైరే. బీడ్ కొంచెం మసకగా ఉంటుంది, ఫ్లాప్ డిస్క్ వేసి బఫ్ కొడితే ఎవరూ గుర్తుపట్టరు. ఇప్పటివరకు ఒక్క కంప్లైంట్ లేదు. ఉత్త సీఓటూ మాత్రం నేనూ వద్దంటాను, గింజలు గీకడానికే పూట పోతుంది.

రామగుండం పైపు
రెయిలింగ్ మీద వాన పడుతుంది, ఆరుతుంది. డ్రమ్ములో గంటల తరబడి వేడి నీళ్లు, పసుపు రసం, బావి నీళ్లలోని ఉప్పు ఉంటాయి. రెండింటినీ ఒక గాటన కట్టలేం.

నేను ప్లాంటులో పైపుల మీద పనిచేస్తాను. అక్కడ కార్బన్ గురించి ఎందుకు అంత పట్టింపో చెప్తాను. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం. తుప్పు పట్టకుండా కాపాడేది పైన తనంతట తానే కట్టే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర. పాల మీద మీగడ తీసేస్తే మళ్లీ కట్టినట్టు, గీత పడినా ఆ పొర మళ్లీ కడుతుంది. అయితే అడుగున క్రోమియం కనీసం పదిన్నర శాతమైనా ఉండాలి. లోహంలో కార్బన్ ఎక్కువగా ఉండి, 425 నుంచి 850 డిగ్రీల మధ్య వేడిలో ఎక్కువసేపు నానితే, కార్బన్ పోయి క్రోమియాన్ని పట్టుకుని రేణువుల అంచుల్లో గట్టి కార్బైడ్‌గా మారుతుంది. ఆ అంచుల పక్కన క్రోమియం కరువైపోతుంది. చూడ్డానికి షీట్ తళతళలాడుతూనే ఉంటుంది, తుప్పు మాత్రం ఆ అంచుల వెంబడి లోపలికి తొలుచుకుంటూ పోతుంది.

కాజీపేట ఆర్క్
రామగుండం అన్న చెప్పిన శాస్త్రం నిజమే. కాకపోతే 2 ఎంఎం షీట్‌కు ఆ భయం అంత పెద్దది కాదని నా అభిప్రాయం. పలచటి షీట్ ఆ 850–425 మధ్య నుంచి గబగబా దిగిపోతుంది, కార్బైడ్ కట్టేంత టైమ్ దొరకదు. మందం పైపులో ఒకదాని మీద ఒకటి పాస్‌లు వేస్తుంటే అసలు ప్రమాదం. పలచటి పనిలో దెబ్బ కొట్టేది కాలిన పొర. నల్లగా, నీలంగా మారిన చోట పైన ఆక్సైడ్, దాని కిందే క్రోమియం తగ్గిన సన్నని పొర ఉంటాయి. తుప్పు మొదట అక్కడే కూర్చుంటుంది. గ్యాస్ ఎంత చెడ్డదైతే ఆ పొర అంత మందం.

రామగుండం పైపు
ఒప్పుకుంటాను, మందాన్ని బట్టి మారుతుంది. అయినా ఒకే జాయింట్ మీద రెండు మూడుసార్లు రిపేర్ కొడితే పలచటి షీట్ కూడా ఆ వేడిలో నానుతుంది. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకోటి. ఆవిరి పుట్టించే భాగం మీది కాదన్నారు, మంచిది. రేపు పార్టీ ‘అది కూడా మీరే చేయండి’ అంటే ఒప్పుకోవద్దు. 25 లీటర్లు దాటి, ప్రెజర్‌తో ఆవిరి పుట్టించే పాత్ర చట్టం దృష్టిలో బాయిలర్. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. దానికి సర్టిఫికెట్ ఉన్న వెల్డర్, ఇన్‌స్పెక్షన్, ప్రెజర్ టెస్ట్ అన్నీ ఉండాలి. రైతు కుటుంబం దాని పక్కనే నిలబడి పనిచేస్తుంది.

జగిత్యాల కొత్త వెల్డర్
నాకొక డౌట్. ఆర్గాన్ టార్చ్‌కే సీఓటూ పైపు పెడితే ఎలా ఉంటుంది? లేదా నైట్రోజన్?

కాజీపేట ఆర్క్
వద్దు తమ్మీ. టార్చ్‌లోని టంగ్‌స్టన్ సూది ఎర్రగా కాలి ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే కరిగి రాలిపోతుంది. టిగ్‌కు, అంటే ఈ టంగ్‌స్టన్ టార్చ్ వెల్డింగ్‌కు, ఆర్గాన్ తప్ప దారి లేదు. హీలియం ఉంది గానీ మన ధరలకు అందదు. నైట్రోజన్ కూడా టార్చ్‌లోకి పనికిరాదు. 304 పైపు లోపలి వైపు, అంటే జాయింటు వెనక గాలి తగలకుండా నింపడానికి మాత్రం నైట్రోజన్ వాడతారు. ఆర్గాన్ కంటే చవక కూడా. ఇంకోమాట, సీఓటూ రెగ్యులేటర్ ఆర్గాన్ సిలిండర్ వాల్వ్‌కి పట్టదు, కావాలనే వేరుగా చేశారు. అడాప్టర్లు కొని తిప్పలు పడొద్దు. నిండు ఆర్గాన్ సిలిండర్‌లో ప్రెజర్ సీఓటూ కంటే రెట్టింపు పైనే ఉంటుంది.

మెటలర్జీ ఎన్ఐటీ
వరంగల్ ఎన్ఐటీలో చదువుకున్నాను, ఇప్పుడు వెల్డింగ్ వైర్లకు సంబంధించిన పనిలోనే ఉన్నాను. చర్చ అంతా గ్యాస్ చుట్టూ తిరుగుతోంది. మీ చేతిలో ఉన్న గ్యాస్ మారకపోతే వైరు మార్చండి.

ఫ్లక్స్ కోర్డ్ స్టెయిన్‌లెస్ వైరు అడగండి. లోపల బోలుగా ఉండి పొడి నింపిన వైరు అది. డబ్బా మీద ఈ308ఎల్‌టీ1-1 (E308LT1-1) అని ఉంటే ఉత్త సీఓటూ కోసమే తయారైనదని అర్థం. చివర 1 బదులు 4 ఉంటే 75 నుంచి 80 శాతం ఆర్గాన్, మిగతాది సీఓటూ ఉన్న మిక్స్‌కు. కొన్ని వైర్లకు రెండూ రాసి ఉంటాయి. పొడి కరిగి బీడ్ మీద స్లాగ్ కప్పుతుంది కాబట్టి కరిగిన లోహం నేరుగా సీఓటూకు చిక్కదు. కార్బన్ కూడా ‘ఎల్’ హద్దులోనే ఉండేలా వైరును తయారు చేస్తారు. ఇది సర్దుబాటు కాదు, మందం స్టీలు పనుల్లో ఎప్పటి నుంచో నడుస్తున్న పద్ధతే.

మీ మెషిన్‌లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్యాస్‌తో నడిచే ఈ వైరుకు గన్ పాజిటివ్‌లో ఉండాలి. గీతలున్న రోలర్ వేయండి, బిగింపు తగ్గించండి, గట్టిగా బిగిస్తే బోలు వైరు చపిడి అయి లైనర్‌లో ఇరుక్కుంటుంది. వైరు టిప్ నుంచి 15–20 ఎంఎం బయటికి ఉండాలి. గన్‌ను ముందుకు తోయొద్దు, వెనక్కి లాగుతూ వెళ్లండి, లేకపోతే స్లాగ్ లోపల చిక్కుతుంది.

ఒక ఇబ్బంది ముందే చెప్తాను. ఈ వైరు మన దగ్గర ఎక్కువగా 1.2 ఎంఎంలో దొరుకుతుంది, 2 ఎంఎం షీట్‌కు అది వేడి ఎక్కువ. 0.9 ఎంఎం దొరికితే తీసుకోండి. దొరక్కపోతే డ్రమ్ము గోడ మీద వాడొద్దు, బొక్కలు పడతాయి.

మడికొండ షెడ్ (హనుమకొండ)
సార్, చాలా థ్యాంక్స్. ఇక్కడ రెండు మూడు షాపుల్లో అడిగాను, 1.2 మాత్రమే ఉందన్నారు. 0.9 హైదరాబాద్ నుంచి తెప్పించాలి, స్పూల్ ధర కూడా ఎక్కువే. మామూలు రాడ్‌తో చేస్తే?

కాజీపేట ఆర్క్
నేనూ అదే చెప్పబోతున్నాను. ఈ308ఎల్-16 (E308L-16) రాడ్, 2 ఎంఎం లేదా 2.5 ఎంఎం. గ్యాసే అక్కర్లేదు, రాడ్ మీది పూతే కాపాడుతుంది. 2.5 రాడ్‌కు 50–80 ఆంప్స్ మధ్య, నీ షీట్‌కు కిందివైపే ఉంచు. ప్యాకెట్ తెరిచాక చెమ్మ తగలనీయొద్దు. పూత చెమ్మ తాగితే బీడ్‌లో చిల్లులు వస్తాయి.

షీట్ వంకర పోవడమే అసలు తలనొప్పి. ఈ స్టీలు వేడికి ఇనుము కంటే ఒకటిన్నర రెట్లు సాగుతుంది, వేడిని పక్కకు పంపడంలో మాత్రం దాని మూడో వంతే. అందుకే వేడి ఒకేచోట కూర్చుని షీట్ అలలు తిరుగుతుంది. టాక్‌లు (ముందుగా పట్టి ఉంచే చిన్న అతుకులు) దగ్గర దగ్గరగా వేయి. ఇక్కడ కొంచెం, ఎదురుగా కొంచెం అని తిరుగుతూ కొట్టు. వెనక రాగి పట్టీ పెట్టగలిగితే సగం బాధ తగ్గుతుంది.

హంటర్ రోడ్ గేట్లు
రెండు సిలిండర్లకు వై జాయింట్ పెట్టి ఆర్గాన్, సీఓటూ మనమే కలుపుకుంటే? మా వాళ్లు కొందరు అలా చేస్తారు.

మెటలర్జీ ఎన్ఐటీ
ఇనుముకైతే కొంత అటూఇటూ అయినా నడుస్తుంది. స్టెయిన్‌లెస్‌కు పొడి లేని మామూలు వైరుతో వాడే మిక్స్‌లో సీఓటూ 2 శాతం దగ్గరే ఉంటుంది, మిగతాది ఆర్గాన్. నిమిషానికి 15 లీటర్ల ఫ్లో అనుకోండి. అందులో 2 శాతం అంటే 0.3 లీటరు. మన ఫ్లోమీటర్ మీద అంత చిన్న గీతే ఉండదు. ఆ 0.3 కాస్తా 2 అయినా మీకు తెలియదు.

ఆ 2 శాతం ఎందుకంటే, మిగ్‌లో ఉత్త ఆర్గాన్ పెడితే ఆర్క్ నిలకడగా ఉండదు, బీడ్ అంచులకు పరుచుకోకుండా గుట్టలా లేస్తుంది. కొంచెం సీఓటూ గానీ ఆక్సిజన్ గానీ ఉంటే నిలకడ వస్తుంది.

డెయిరీ క్వాలిటీ (హుజూరాబాద్)
పాల పాత్రలు, పైపుల శుభ్రత చూసే పని నాది. వెల్డింగ్ నాకు రాదు, వెల్డింగ్ అయ్యాక ఏం జరుగుతుందో రోజూ చూస్తాను. దయచేసి లోపలి జాయింట్ గురించి ‘బఫ్ కొడితే కనపడదు’ అనుకోవద్దు. చిన్న చిల్లు, మడత, పూర్తిగా నిండని గీత ఎక్కడున్నా అందులో పదార్థం ఇరుక్కుంటుంది. బ్రష్ అక్కడికి చేరదు. ముందు వాసన వస్తుంది, తర్వాత గోధుమరంగు చుక్క, ఆ తర్వాత కారడం. పసుపు అమ్మేటప్పుడు రంగు చూసి ధర కడతారు. అందులో తుప్పు కలిస్తే నష్టపోయేది రైతే.

బట్టల బ్లీచింగ్ లిక్విడ్‌తో, ఉప్పుతో డ్రమ్ములు తోమొద్దని కూడా పార్టీకి చెప్పండి. క్లోరిన్, ఉప్పు స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పెడతాయి. మామూలు సబ్బు నీళ్లు, తర్వాత మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టడం చాలు.

మడికొండ షెడ్ (హనుమకొండ)
మేడమ్, ఇది నేను ఆలోచించలేదు, పార్టీకి తప్పకుండా చెప్తాను. లోపలి వైపు ఎంత నున్నగా ఉండాలి? పికిలింగ్ పేస్ట్ (కాలిన పొరను తీసే యాసిడ్ పేస్ట్) కొనమన్నారు, అది పూస్తే సరిపోతుందా?

డెయిరీ క్వాలిటీ (హుజూరాబాద్)
బీడ్ షీట్‌తో సమానంగా దిగాలి, వేలికి అంచు తగలకూడదు. ముందు అది గ్రైండింగ్‌తో చేయండి, తర్వాతే పేస్ట్. చిల్లు ఉన్నచోట పేస్ట్ పూస్తే ఆ యాసిడ్ చిల్లులోనే ఉండిపోతుంది.

రామగుండం పైపు
పేస్ట్ గురించి గట్టిగా చెప్పాలి. అందులో నైట్రిక్ యాసిడ్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. ఇది మామూలు యాసిడ్‌లా వెంటనే మండదు. చర్మం గుండా లోపలికి దిగి ఒంట్లో కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఎముక దాకా పోతుంది. నొప్పి తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. ఎక్కువ తగిలితే గుండె ఆగే ప్రమాదం ఉంది. రబ్బరు గ్లవ్స్, ముఖానికి షీల్డ్, ఆప్రాన్, గాలి ఆడే చోటు తప్పనిసరి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ముందే తెచ్చి పెట్టుకోండి. తగిలితే వెంటనే ధారగా నీళ్లతో కడగాలి, జెల్ రాయాలి, ఏ యాసిడో చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇవన్నీ సమకూరకపోతే పేస్ట్ డబ్బా తెరవొద్దు. కుర్రాళ్ల చేతికి అసలు ఇవ్వొద్దు.

జగిత్యాల కొత్త వెల్డర్
మరి పేస్ట్ లేకుండా ఎలా?

మెటలర్జీ ఎన్ఐటీ
కాలిన పొరను కొత్త ఫ్లాప్ డిస్క్‌తో, తర్వాత ఇంకా సన్నటి దానితో, మెరుపు లోహం కనిపించేదాకా పూర్తిగా తీసేయండి. నీలం రంగు జాడ కూడా మిగలకూడదు. ఆ తర్వాత సిట్రిక్ యాసిడ్ ద్రావణంతో తుడిచి కడిగితే పైన అంటిన ఇనుప రజను పోతుంది. సిట్రిక్ ఒక్కటే నల్ల పొరను తీయలేదు, అది గుర్తుంచుకోండి.

ఇనుప రజను అన్నాను కాబట్టి హంటర్ రోడ్ అన్నకు ఒక మాట. రెయిలింగ్‌ల మీద వానాకాలం తర్వాత గోధుమ చుక్కలు వస్తాయని చాలామంది గ్యాస్‌ను తిడతారు. ఇనుప గేటు గ్రైండ్ చేసిన డిస్కే స్టీలు మీద వాడటం, మామూలు ఇనుప తీగ బ్రష్‌తో గీకడం, పక్కనే ఇనుము కోస్తుంటే నిప్పురవ్వలు వచ్చి స్టీలు మీద అంటుకోవడం కూడా అంతే కారణం. స్టీలుకు డిస్క్, బ్రష్, టేబుల్ వేరుగా ఉంచండి.

హంటర్ రోడ్ గేట్లు
ఇది నిజం సార్. మా షెడ్‌లో అన్నీ ఒకే చోట. రేపటి నుంచి స్టీలు మూల వేరు చేస్తాను. గ్రేడ్ సంగతి కూడా చెప్పండి, మా దగ్గర రెయిలింగ్ పైపులు ఎక్కువగా 202.

మెటలర్జీ ఎన్ఐటీ
202లో నికెల్ 4–6 శాతమే, దాని బదులు మాంగనీసు వేస్తారు. తుప్పును ఆపే శక్తి 304 కంటే తక్కువ. అయస్కాంతంతో రెండింటినీ వేరు చేయలేరు, రెండూ దాదాపు అంటవు. కొనేటప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. పసుపు డ్రమ్ములకు 202 షీట్ రాకుండా చూసుకోవాలి, గ్యాస్ ఎంత మంచిదైనా షీటే తక్కువదైతే లాభం లేదు.

కాజీపేట ఆర్క్
అయస్కాంతం మాట వచ్చింది కాబట్టి ఒకటి. 308 బీడ్ మీద అయస్కాంతం కొంచెం లాగుతుంది. పార్టీ చూసి ‘ఇనుప రాడ్ కొట్టావు’ అని గొడవ పడొచ్చు. బీడ్ పగలకుండా ఉండేందుకు అందులో కొంత ఫెర్రైట్ ఉండేలా తయారు చేస్తారు, అందుకే లాగుతుంది. ముందే చెప్పి ఉంచు.

ఆర్గాన్ వచ్చాక దాన్ని పొదుపుగా ఎలా వాడాలో కూడా చెప్తాను. పెద్ద సిలిండర్‌లో 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్లు. టిగ్‌లో నిమిషానికి 8 లీటర్లు పెడితే పద్నాలుగు గంటల పైన ఆర్క్ వస్తుంది. 15 పెడితే ఎనిమిది గంటలు కూడా రాదు. ఎండాకాలం కూలర్ ఎదురుగా పెట్టుకుని, గ్యాస్ చెదిరిపోతోందని ఫ్లో పెంచే షెడ్‌లు మన దగ్గర చాలా ఉన్నాయి. పెంచినకొద్దీ గ్యాస్ సుడి తిరిగి గాలినే లోపలికి లాగుతుంది. కూలర్‌ను పక్కకు తిప్పి, జాయింటుకు ఒక రేకు అడ్డం పెట్టు. పైపు జాయింట్లకు సబ్బు నీళ్లు రాసి లీకు చూసుకో. గ్యాస్‌ను చెదరకుండా సాఫీగా వదిలే గ్యాస్ లెన్స్ అనే జాలీ ఒకటి టార్చ్‌కు కొను.

భూపాలపల్లి సేఫ్టీ
పొగ గురించి ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నాను. స్టెయిన్‌లెస్ పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కలిగించేది. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు మొత్తం వెల్డింగ్ పొగనే ఖచ్చితంగా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు. టిగ్‌లో పొగ తక్కువ. మీరు ఇప్పుడు వెళ్తున్నది రాడ్ వైపు, అందులో ఎక్కువ. డ్రమ్ము లోపల తల పెట్టి కొడతారు కదా, అక్కడే పొగ నిలుస్తుంది. ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఏమీ ఆగదు. కనీసం ఎన్95, వీలైతే అంతకంటే మంచి రెస్పిరేటర్ వాడండి, పొగను బయటికి లాగే ఫ్యాన్ పెట్టండి. ఆర్గాన్, సీఓటూ రెండూ గాలి కంటే బరువు, డ్రమ్ము అడుగున చేరితే ఊపిరి ఆడదు. బయట ఒక మనిషి లేకుండా లోపలికి దిగొద్దు.

మడికొండ షెడ్ (హనుమకొండ)
అందరూ చెప్పింది చదివి పార్టీతో మాట్లాడాను. డ్రమ్ము గోడ జాయింట్లు ఈ308ఎల్-16 రాడ్‌తో బయట పెట్టి కొడుతున్నాం, రాగి పట్టీ వెనక పెడితే షీట్ బాగా నిలబడింది. లోపలి మూలలు మాత్రం ఆర్గాన్ వచ్చాకే. దానికి పార్టీ ఒప్పుకున్నారు, ముందుగా సిద్ధమైన మూతలు తీసుకెళ్లారు. మూతల పైన ఉండే పిడులు 80-20తో కొట్టాం, అక్కడ నీళ్లు నిలవవు.

ఒక ముక్కను సగం సీఓటూతో, సగం రాడ్‌తో అతికి, రెండింటినీ ఒకేలా శుభ్రం చేసి ఉప్పునీళ్లు చల్లి ఆరబెడుతూ ఉన్నాను. సీఓటూ వైపు గోధుమరంగు వచ్చింది, రాడ్ వైపు ఇంకా రాలేదు. షెడ్‌కి వచ్చేవాళ్లకు చూపించడానికి గోడకు తగిలించాను.

ఇంకొక ప్రశ్న. కాళ్లు ఇనుప యాంగిల్‌వి కావాలన్నారు. స్టీలు డ్రమ్ముకు ఇనుము అతకడానికి 308ఎల్ రాడే వాడొచ్చా?

మెటలర్జీ ఎన్ఐటీ
వద్దు, 309ఎల్ తీసుకోండి. ఇనుముతో కలిసినప్పుడు బీడ్‌లో క్రోమియం, నికెల్ పలచబడతాయి. 308 అయితే బీడ్ పెళుసై పగలొచ్చు. 309లో రెండూ ఎక్కువ ఉంటాయి కాబట్టి ఆ పలచదనాన్ని తట్టుకుంటుంది. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, డ్రమ్ముకు ముందు 304 ప్యాడ్ ముక్కలు 308ఎల్‌తో అతికి, ఆ ప్యాడ్‌కు యాంగిల్‌ను 309ఎల్‌తో అతకండి. డ్రమ్ము గోడకు ఇనుము నేరుగా తగలదు. యాంగిల్‌కు, జాయింటుకు కలిపి రంగు వేయండి.

డెయిరీ క్వాలిటీ (హుజూరాబాద్)
లోపలి మూలలకు తర్వాత పేస్ట్ వాడాలనుకుంటే, కడిగిన నీళ్లు మోరీలోకి గానీ పొలంలోకి గానీ వదలొద్దు. ప్లాస్టిక్ తొట్టిలో పట్టి, తడి సున్నం కొంచెం కొంచెంగా కలపండి, లిట్మస్ కాగితం ఎరుపెక్కనంత వరకు. అడుగున చేరే మడ్డిలో క్రోమియం, నికెల్ ఉంటాయి. దాన్ని చెత్తలో వేయకుండా మూత ఉన్న డబ్బాలో విడిగా పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వాళ్లకే ఇవ్వండి.